ఎముకలు ఎందుకు వెలిగాయి?

పోయిన కార్తీకంలో ఒక రాత్రి పదిన్నరకు మా చిన్నాయన మదనపల్లె నుంచి ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు. "ఏమ్రా, ఇంగ ఎముకల్లోకి గూడా పోయిందంట గదా," అన్నాడు.

ఆ రోజు పొద్దున బెంగళూరులో ఆయనకు పెట్ స్కాన్ చేయించి, మధ్యాహ్నం బస్సెక్కించింది నేనే. సాయంత్రానికి రిపోర్ట్ ఫోన్‌కి వచ్చింది. ఎవరో దాన్ని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. చదువుకున్న పిల్లాడొకడు అందులో ఒక వాక్యం పట్టుకుని, వెన్నెముకలో, తుంటి ఎముకల్లో అంతటా అప్‌టేక్ పెరిగిందని రాసి ఉందని చెప్పాడు. అప్‌టేక్ అంటే క్యాన్సరే అని అందరూ అనేసుకున్నారు. ఆ రాత్రి మా చిన్నమ్మ పొయ్యి వెలిగించలేదు.

రిపోర్ట్‌లో ఆ వాక్యం నిజంగానే ఉంది. దాని పక్కనే ఇంకో ముక్క కూడా ఉంది: ఇది మందు ప్రభావంతో మూలుగ స్పందించడం కావచ్చు అని. చిన్నాయనకు లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. కీమో తర్వాత తెల్లకణాలు బాగా పడిపోతే వాటిని పెంచడానికి జీసీఎస్ఎఫ్ అనే ఇంజెక్షన్ వేస్తారు. స్కాన్‌కి వారం ముందే ఆయనకు అది వేశారు. ఆ సూది ఎముకల లోపలి మూలుగను తరిమి తరిమి పని చేయిస్తుంది. కొత్త కణాలు చేయాలంటే మూలుగకు చక్కెర కావాలి. ఒంట్లో తిరుగుతున్న చక్కెరను అది లాగేసుకుంది. స్కాన్‌లో వెలిగింది అదే. అప్‌టేక్ అంటే ఈ లాగేసుకోవడమే.

ఫోన్‌లో ఇంత చెప్పాను. ఆయన సగం నమ్మాడు. "క్యాన్సర్ చూపించే మిషను కదరా, మరి క్యాన్సర్ కానిదాన్ని ఎందుకు చూపిస్తుంది?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అది. నేను బయోకెమిస్ట్రీ చదివినవాణ్ణే అయినా ఆ రాత్రి నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

పెట్ మిషనుకు క్యాన్సర్‌ని చూడటం రాదు. మనం ఒంట్లోకి పంపిన ఒక అణువు ఎక్కడెక్కడ చిక్కుకుందో చూడగలదు, అంతే. ఏ అణువును పంపామన్నదే మనం అడుగుతున్న ప్రశ్న. చక్కెర లాంటిదాన్ని పంపితే "ఆకలి ఎవరికి ఎక్కువగా ఉంది?" అని అడిగినట్టు. డీఎన్ఏకు పనికొచ్చే ముడిసరుకును పంపితే "ఎవరు పెరుగుతున్నారు?" అని. ఇంకో రకం అణువును పంపితే "ఫలానా జన్యువు ఎక్కడ పనిచేస్తోంది?" అని కూడా అడగొచ్చు. ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. మనం తరచూ మొదటిదానికి వచ్చిన జవాబును తీసుకెళ్ళి రెండోదానికి అతికిస్తాం. మా గ్రూపులో ఆ రాత్రి జరిగింది అదే.

చిన్నాయనకు మదనపల్లె టమాటా మార్కెట్‌లో మండీ ఉంది. అక్కడ రోజూ వేల క్రేట్లు చేతులు మారుతుంటాయి. మన క్రేటు చెన్నై కోయంబేడు మార్కెట్‌లో దిగిందా, దారిలో ఇంకెక్కడైనా దిగిందా అని తెలియాలంటే దాని మీద మండీ పేరు పెయింట్‌తో రాసి ఉండాలి. పేరు రాసినంత మాత్రాన టమాటా మారదు. లారీ డ్రైవర్‌కు అది అన్నిటిలాంటి క్రేటే. ట్రేసర్ కూడా ఇలాంటిదే. శరీరం రోజూ వాడుకునే అణువుకు ఒక రేడియోధార్మిక పరమాణువును తగిలించి పంపుతారు. శరీరానికి తేడా తెలియదు, మనకు మాత్రం దాని జాడ తెలుస్తుంది. ఈ ఆలోచన మొదట పరీక్షకు నిలిచింది మొక్కల్లో. 1923లో హంగేరీ శాస్త్రవేత్త జార్జ్ డి హెవెషీ రేడియోధార్మిక సీసం కలిపిన ద్రవంలో చిక్కుడు జాతి మొక్కల్ని ఉంచి, వేళ్ళ నుంచి అది ఎక్కడెక్కడికి చేరుతోందో లెక్కగట్టాడు. ఈ పద్ధతికే ఆయనకు 1943 నోబెల్ బహుమతి వచ్చింది.

క్యాన్సర్ దగ్గర ఎక్కువగా వాడే ట్రేసర్ పేరు ఎఫ్‌డీజీ. అది గ్లూకోజ్ లాంటిదే, కానీ రెండో కార్బన్ దగ్గర ఉండాల్సిన ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట తీసేసి అక్కడ ఫ్లోరిన్-18 పెడతారు. ఆ ఒక్క మార్పులోనే దీని కిటుకంతా ఉంది. కణం గోడలో గ్లూకోజ్ కోసం ఉన్న ద్వారాల గుండా ఇది లోపలికి వెళ్తుంది. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌కి వేసినట్టే దీనికీ ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. ముద్ర పడ్డాక ఆ ద్వారం గుండా బయటికి పోవడం కుదరదు. గ్లూకోజ్ అయితే తర్వాతి మెట్టుకు వెళ్ళి ఖర్చయిపోతుంది. ఎఫ్‌డీజీ వెళ్ళలేదు, ఎందుకంటే తర్వాతి ఎంజైమ్ పట్టుకోవాల్సిన చోట ఫ్లోరిన్ కూర్చుని ఉంది. ఒక చెక్‌పోస్టులో ముద్ర వేయించుకుని, రెండో చెక్‌పోస్టులో అడిగే కాగితం లేక, వెనక్కీ పోలేక నిలిచిపోయిన లారీ పరిస్థితి దానిది. లారీలు ఎక్కువగా నిలిచిపోయిన చోట రద్దీ కనబడుతుంది.

క్యాన్సర్ కణాలకు ఈ ఆకలి ఎక్కువని 1920లలోనే జర్మనీలో ఓటో వార్‌బర్గ్ గమనించాడు. ఆక్సిజన్ అందుతున్నా అవి గ్లూకోజ్‌ను పూర్తిగా కాల్చకుండా లాక్టేట్‌గా మార్చి వదిలేస్తాయి. అందువల్ల అదే శక్తికి వాటికి చాలా ఎక్కువ చక్కెర కావాలి. దాన్ని శక్తికి ఒక్కటే కాకుండా కొత్త కణం కట్టుకోవడానికి కావాల్సిన సామాన్లకు కూడా వాడుకుంటాయి. కానీ ఎఫ్‌డీజీని మొదట చేసింది క్యాన్సర్ కోసం కాదు, మెదడు కోసం. 1976 ఆగస్టులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ లేబొరేటరీలో తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు పంపి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఇద్దరు వాలంటీర్లకు ఇచ్చి చూశారు.

విమానం ఎందుకంటే ఫ్లోరిన్-18కి ఆగే గుణం లేదు. సుమారు 110 నిమిషాలకు సగం అయిపోతుంది. పొద్దున ఏడుకు 400 యూనిట్లు ఉన్నది తొమ్మిది దాటేసరికి 200 కన్నా తక్కువ. హోస్కోటె దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే సీసాలో మందు దానంతటదే కరిగిపోతున్నట్టు లెక్క. చిన్నాయన చింతామణి మీదుగా మూడు గంటలు బస్సులో కూర్చుని బెంగళూరుకు రావాల్సి రావడంలో ఈ 110 నిమిషాల పాత్ర కూడా ఉంది. పెట్ స్కాన్ పెట్టాలంటే ఫ్లోరిన్-18ని తయారుచేసే సైక్లోట్రాన్ అనే యంత్రం అందుబాటు దూరంలో ఉండాలి. సైక్లోట్రాన్‌లో ఆక్సిజన్-18 ఉన్న ప్రత్యేకమైన నీళ్ళ మీదికి ప్రోటాన్లను వేగంగా వదులుతారు. మామూలు నీళ్ళలో ప్రతి 500 ఆక్సిజన్ పరమాణువుల్లో ఒకటే ఆ రకానిది, అందుకే ఆ నీళ్ళు చాలా ఖరీదు. ప్రోటాన్ తగిలి ఆక్సిజన్ ఫ్లోరిన్ అవుతుంది. సీసం గోడల వెనక, మనిషి చెయ్యి తగలకుండా దాన్ని చక్కెరకు అతికిస్తారు.

నాకు ఇందులో అన్నిటికన్నా అందంగా అనిపించేది చివరి ఘట్టం. ఫ్లోరిన్-18 తన పాజిట్రాన్‌ను వదిలేశాక మళ్ళీ ఆక్సిజన్-18 అయిపోతుంది. అంటే చిక్కుకుపోయిన ఎఫ్‌డీజీ మళ్ళీ దాదాపు మామూలు గ్లూకోజ్ అయి, తన దారిన తను కరిగిపోతుంది. ఒంట్లో విషం ఉండిపోతుందేమోనని భయపడేవాళ్ళకు నేను ఈ మాటే చెబుతాను. ఇరవై నాలుగు గంటలకు మిగిలేది మొదటి రేడియోధార్మికతలో ఎనిమిది వేలో వంతు కన్నా తక్కువ, మూత్రంలో పోయింది కాక. 10 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీ ఇస్తే ఒంటికి తగిలే డోస్ సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు. మట్టి నుంచి, ఆకాశం నుంచి మనకు ఏడాదికి సగటున తగిలేది సుమారు 2.4. పెట్‌తో కలిపి తీసే సీటీ స్కాన్ డోస్ దీనికి అదనం. అవసరం లేకుండా చేయించుకునేది కాదు, అవసరమైనప్పుడు వణికిపోవాల్సినదీ కాదు. ఆ రోజు కొన్ని గంటలు పసిపిల్లలకు, గర్భిణులకు కొంచెం దూరంగా ఉంటే సరిపోతుంది.

పాజిట్రాన్ అన్నాను కదా, ఎలక్ట్రాన్ లాంటిదే కానీ ధనావేశం ఉన్న రేణువు. అది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ప్రయాణించి దగ్గర్లోని ఎలక్ట్రాన్‌ను గుద్దుకుంటుంది. రెండూ మాయమై, రెండు గామా కిరణాలు సరిగ్గా ఎదురెదురు దిక్కులకు పోతాయి. రోగి చుట్టూ ఉన్న స్ఫటికాల వలయంలో ఒకే క్షణంలో రెండు చోట్ల తాకిడి తెలిస్తే, వాటిని కలిపే గీత మీద ఎక్కడో ఆ ట్రేసర్ ఉన్నట్టు. ఇలాంటి గీతలు కోట్లు పోగైతే బొమ్మ తయారవుతుంది.

ఆ పొద్దున సెంటర్‌లో నేను చూసినవి ఇప్పటికీ కళ్ళముందున్నాయి. ముందు వేలికి గుచ్చి షుగర్ చూశారు. ఒంట్లో చక్కెర ఎక్కువుంటే అదీ, ఎఫ్‌డీజీ ఒకే ద్వారం దగ్గర పోటీపడతాయి, బొమ్మ మసకబారుతుంది. అందుకే ఆరు గంటలు పస్తు, మంచినీళ్ళు మాత్రమే. తర్వాత చేతికి సూది గుచ్చి, బరువైన లోహపు తొడుగులో ఉన్న సిరంజిని తెచ్చి మందు ఎక్కించారు. ఆ అమ్మాయి పని ముగించి రెండు అడుగులు వెనక్కి వేయడం చూసి చిన్నాయన ముఖం చిన్నబోయింది. ఆమె రోజూ పది ఇరవై మందికి ఇలా ఇస్తుంది, ఆ జాగ్రత్త ఆమె ప్రాణానికి. నేను గాజు తలుపు ఇవతలే ఉండిపోయాను. ఆయన మీద దుప్పటి కప్పి, గంటసేపు కదలకుండా పడుకోమన్నారు, మాట్లాడొద్దన్నారు. పక్క మంచం మీదున్న హిందూపురం ఆయనతో అప్పుడే పరిచయం మొదలుపెట్టిన చిన్నాయనకు అది ఆస్పత్రి క్రమశిక్షణ అనిపించింది. అసలు కారణం వేరు. మాట్లాడితే గొంతు కండరాలు చక్కెర తింటాయి, స్వరపేటిక దగ్గర వెలుగుతుంది. నడిస్తే కాళ్ళు వెలుగుతాయి. చలేస్తే మెడ దగ్గర ఒంటికి వేడి పుట్టించే గోధుమ రంగు కొవ్వు వెలుగుతుంది. దుప్పటి అందుకే.

అంటే ఎఫ్‌డీజీ అడిగే ప్రశ్నకు క్యాన్సర్ ఒక్కటే చెయ్యెత్తదు. మెదడు ఎప్పుడూ ఎత్తుతుంది. గుండె ఒక్కోసారి ఎత్తుతుంది. మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగర్ రోగుల్లో పేగులు ఎత్తుతాయి. మూత్రపిండాలు గ్లూకోజ్‌ను తిరిగి రక్తంలోకి పట్టుకున్నట్టు ఎఫ్‌డీజీని పట్టుకోవు కాబట్టి మూత్రాశయం నిండా అదే. అన్నిటికన్నా మన దేశంలో గుర్తుపెట్టుకోవాల్సింది టీబీ. టీబీ గడ్డలో పోరాడుతున్న రక్షణ కణాలకూ ఆకలెక్కువే. ఊపిరితిత్తిలో ఒక మచ్చ వెలిగితే అది క్యాన్సరా, టీబీయా అన్నది ఎఫ్‌డీజీ చాలాసార్లు తేల్చలేదు. ముక్క తీసి పరీక్షించాలి. బయాప్సీ కాకుండానే ఇంటిల్లిపాదీ ఏడవడం మొదలుపెట్టడం నేను ఒకసారి కన్నా ఎక్కువే చూశాను.

రిపోర్ట్‌లో ఉండే ఎస్‌యూవీ అంకె గురించి కూడా ఒక మాట. ట్రేసర్ ఒళ్ళంతా సమానంగా పంచుకుపోతే ప్రతిచోటా ఎస్‌యూవీ 1 ఉంటుంది. 8 అంటే ఆ సమాన వాటాకు ఎనిమిది రెట్లు అక్కడ చేరిందని. అది క్యాన్సర్ తీవ్రతకు మార్కులు కాదు. రక్తంలో షుగర్, సూది వేశాక ఎంతసేపు ఆగారన్నది, బరువు, మిషను ఏ రకమన్నది, అన్నీ ఆ అంకెను అటూ ఇటూ జరుపుతాయి. చెన్నైలో ఒక మిషను మీద వచ్చిన 6ను, బెంగళూరులో ఇంకో మిషను మీద వచ్చిన 7తో పోల్చి పెరిగిందని టెన్షన్ పడటంలో అర్థం లేదు. అందుకే లింఫోమాకు డాక్టర్లు డోవిల్ స్కోర్ అనే ఐదు మెట్ల కొలత వాడతారు. జబ్బున్న చోటి వెలుగును అదే మనిషి ఛాతీలోని రక్తంతో, అదే మనిషి కాలేయంతో పోలుస్తారు. చిన్నాయన రిపోర్ట్ చివరి పేజీలో డోవిల్ స్కోర్ 2 అని ఉంది. అంటే మెడలో, చంకల్లో మొదట మండిపోయిన గ్రంథులు ఇప్పుడు ఛాతీలోని రక్తం కన్నా ఎక్కువ వెలగడం లేదు. మందు పనిచేస్తోందని దాని అర్థం. ఆ రాత్రి గ్రూపులో ఎవరూ చివరి పేజీ దాకా రాలేదు.

ఇక రెండో ప్రశ్న, ఎవరు పెరుగుతున్నారు?

ఆకలికీ పెరుగుదలకూ సంబంధం ఉంది కానీ రెండూ ఒకటి కాదు. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్ఏకు ఇంకో ప్రతి తయారుచేసుకోవాలి. డీఎన్ఏలో వాడే నాలుగు అక్షరాల్లో థైమిన్ ఒకటి. ఆర్ఎన్ఏలో అది ఉండదు. కాబట్టి థైమిన్‌ను మోసుకెళ్ళే థైమిడిన్ అనే అణువు కోసం ఎగబడుతున్న కణం డీఎన్ఏ రాసుకుంటున్న కణమే. రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన థైమిడిన్‌ను ల్యాబుల్లో 1950ల నుంచే వాడుతున్నారు. మనిషిలో వాడదామంటే ఒంట్లో థైమిడిన్ చాలా త్వరగా ముక్కలైపోతుంది, ఆ ముక్కలు కూడా వెలుగుతాయి, ఏది ఏదో తెలియదు.

దీనికి 1998లో ఆంథొనీ షీల్డ్స్ బృందం దారి చూపింది. థైమిడిన్‌లో మూడో స్థానం దగ్గర ఫ్లోరిన్-18 పెట్టిన ఎఫ్ఎల్‌టీ అనే అణువుతో కణాల పెరుగుదలను పెట్ బొమ్మలో చూపించారు. రేడియోధార్మికత లేని రూపంలో ఇదే అణువు అంతకుముందు ఎయిడ్స్ మందుగా పరీక్షలకు వెళ్ళి వచ్చింది. ఇది ఒంట్లో తొందరగా విరగదు. కణంలోకి వెళ్ళాక థైమిడిన్ కైనేజ్-1 అనే ఎంజైమ్ దీనికి ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. ఆ ఎంజైమ్ కణం డీఎన్ఏ రాసుకునే దశలోనే బాగా పెరుగుతుంది, ఖాళీగా కూర్చున్న కణంలో దాదాపు ఉండదు. ముద్ర పడ్డాక ఎఫ్ఎల్‌టీ బయటికి పోలేదు. మూడో స్థానంలో ఫ్లోరిన్ ఉండటంతో డీఎన్ఏ గొలుసులో ముందుకు కలవడమూ కుదరదు. చూశారా, అదే చెక్‌పోస్టు. ముద్ర వేసే అధికారి మాత్రం మారాడు.

మెదడు ట్యూమర్ల దగ్గర దీని విలువ బాగా తెలుస్తుంది. ఎఫ్‌డీజీ వేస్తే మెదడంతా వెలుగుతుంది, ఆ వెలుగులో ట్యూమర్ దాక్కుంటుంది. పెద్దవాళ్ళ మెదడులో కణాలు దాదాపు చీలవు, పైగా ఎఫ్ఎల్‌టీ మెదడు కాపలా గోడను అంత తేలిగ్గా దాటదు. కాబట్టి చీకటి గదిలో దీపంలా ట్యూమర్ ఒక్కటే కనిపిస్తుంది. కీమో మొదలైన కొద్దిరోజులకే కణాలు చీలడం ఆగిందా అని చూడటానికి కూడా దీన్ని పరిశోధనల్లో వాడారు. గడ్డ పరిమాణం తగ్గడానికి వారాలు పట్టొచ్చు, చీలడం ఆగడం ముందే తెలుస్తుంది.

మరి అందరికీ ఇదే వేయొచ్చు కదా అని నేనూ అనుకున్నాను. మా చిన్నాయన సంగతే తీసుకోండి. ఒంట్లో రాత్రింబవళ్ళు కణాలు చేసే చోటు మూలుగ. ఏ సూదీ వేయని ఆరోగ్యవంతుడిలో కూడా ఎఫ్ఎల్‌టీ వేస్తే మూలుగ మండిపోతుంది. అక్కడ పెరుగుదల నిజం, జబ్బు అబద్ధం. కాలేయం కూడా ఈ అణువును పట్టుకుని మార్చి పంపే పనిలో వెలుగుతుంది. అంటే క్యాన్సర్ ఎక్కువగా పాకే రెండు చోట్ల, ఎముకల్లోనూ కాలేయంలోనూ, ఎఫ్ఎల్‌టీకి చూపు ఆనదు. గడ్డల్లో కూడా ఎఫ్‌డీజీ అంత గాఢంగా చేరదు. ఇంకో మెలిక ఉంది. కణానికి థైమిడిన్ రెండు దారుల్లో దొరుకుతుంది: బయటి నుంచి తెచ్చుకోవడం, ఇంట్లో వండుకోవడం. ఎఫ్ఎల్‌టీ చూపించేది మొదటి దారిని మాత్రమే. ఫైవ్-ఎఫ్‌యూ లాంటి కీమో మందులు ఇంట్లో వంటను ఆపేస్తాయి. అప్పుడు కణం బయటి థైమిడిన్ కోసం ఎగబడుతుంది, ఎఫ్ఎల్‌టీ వెలుగు ఒక్కసారిగా పెరుగుతుంది. బొమ్మ చూస్తే గడ్డ విజృంభించినట్టు ఉంటుంది. లోపల మందు దాని గొంతు నొక్కుతూ ఉంటుంది. అందుకే ఎఫ్ఎల్‌టీ చాలావరకు పరిశోధనల్లోనే ఉండిపోయింది. డాక్టర్ చీటీలో రోజూ కనిపించేది ఎఫ్‌డీజీయే.

మూడో ప్రశ్న ఇంకా లోతైనది. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది, సుమారు ఇరవై వేల జన్యువులతో. అన్ని ఇళ్ళలోనూ ఒకే వంటల పుస్తకం ఉన్నట్టు. ఏ ఇంట్లో ఈ పూట ఏం వండుతున్నారో పుస్తకం చూస్తే తెలియదు, పొయ్యి మీద చూడాలి. జన్యువు తెరుచుకుని, దాని నకలు ఆర్ఎన్ఏగా వచ్చి, దాన్నిబట్టి ప్రోటీన్ తయారవడాన్ని జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. కణంలో ఒక జన్యువుకు ప్రతులు రెండే ఉంటాయి, ఆర్ఎన్ఏ నకళ్ళు కూడా తక్కువే. బయటి నుంచి వాటిని పట్టి చూడటం చాలా కష్టం. ప్రోటీన్లు మాత్రం వేలల్లో, లక్షల్లో ఉంటాయి. ఆ ప్రోటీన్ ఎంజైమ్ అయితే ఒక్కోటి వందల ట్రేసర్ అణువులకు ముద్ర వేయగలదు, గుసగుస కూడా కేకలా వినిపిస్తుంది. అందుకని పుస్తకాన్ని కాకుండా వంటను వెతుకుతారు.

ఇది ఏదో రేపటి వైద్యం అనిపించొచ్చు కానీ ఒక రూపంలో 1940ల నుంచే ఉంది. థైరాయిడ్ కణాల్లో అయోడిన్‌ను లోపలికి లాగే ఒక ప్రోటీన్ ఉంటుంది. రేడియో అయోడిన్ ఇచ్చి స్కాన్ చేస్తే వెలిగేది ఆ ప్రోటీన్ జన్యువు పనిచేస్తున్న చోటే. ఆ జన్యువేదో 1996 దాకా తెలియదు, దాని పనిని మాత్రం అర్ధ శతాబ్దం ముందు నుంచే బొమ్మ తీస్తున్నారు. థైరాయిడ్ క్యాన్సర్ మొండిగా మారినప్పుడు ఆ జన్యువు మూతపడుతుంది. అప్పుడు అయోడిన్ స్కాన్‌లో ఏమీ ఉండదు, ఎఫ్‌డీజీలో గట్టిగా వెలుగుతుంది. ఒకే గడ్డ, రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. అయోడిన్ స్కాన్ ఒక్కటే చూసి జబ్బు పోయిందనుకుంటే ప్రమాదం.

ఇప్పుడు బెంగళూరు, చెన్నై పెద్ద సెంటర్లలో ఇలాంటివి మరికొన్ని మామూలైపోయాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు పీఎస్ఎంఏ స్కాన్, హార్మోన్లు చేసే కణాల్లో పుట్టే కొన్ని న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లకు డోటా స్కాన్. గడ్డ కణాల మీదుండే ఒక ప్రోటీన్‌కు తాళంచెవిలా అతుక్కునే అణువును వీటిలో పంపుతారు. దానికి తరచూ గాలియం-68 తగిలిస్తారు. అది 68 నిమిషాలకే సగమవుతుంది కానీ సైక్లోట్రాన్ అక్కర్లేదు. జర్మేనియం-68 నింపిన చిన్న పెట్టెలో అది ఊరుతూ ఉంటుంది, ఆవు పొదుగులో పాలు చేపినట్టు. పొద్దున పిండితే మళ్ళీ కొన్ని గంటలకు ఇంకో పూటకు సరిపడా తయారవుతుంది. స్కాన్‌లో గడ్డ ఆ ప్రోటీన్‌ను చూపిస్తే, అదే తాళంచెవికి గాలియం బదులు గడ్డ కణాలను చంపే రేడియోధార్మిక లుటీషియం-177 తగిలించి చికిత్సకు పంపొచ్చు. వెలగని గడ్డకు ఆ చికిత్స దండగ. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను చూపించే ఎఫ్ఈఎస్ అనే ట్రేసర్‌కు అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది.

బయాప్సీ ఉండగా ఇవన్నీ ఎందుకని అడగొచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటాం. క్యాన్సర్ అలాంటి కుండ కాదు. రొమ్ములో మొదలైన గడ్డలో రిసెప్టర్ ఉండొచ్చు, కాలేయానికి పాకిన దానిలో లేకపోవచ్చు, ఎముకలోదానిలో సగం సగం ఉండొచ్చు. సూది గుచ్చిన చోటు సంగతే బయాప్సీ చెబుతుంది. ట్రేసర్ ఒకేసారి కుండంతా చూస్తుంది.

ఒంట్లో సహజంగా లేని జన్యువును కూడా ఇలా వెంబడించొచ్చు. రోగి రక్షణ కణాలను బయటికి తీసి, క్యాన్సర్‌ను వేటాడేలా మార్చి, తిరిగి ఎక్కించే చికిత్సలు వస్తున్నాయి. ఎక్కించిన తర్వాత అవి గడ్డ దాకా చేరాయా, దారిలోనే చచ్చిపోయాయా? రక్తపరీక్ష ఆ మాట చెప్పలేదు. అందుకని ఆ కణాల్లో అదనంగా ఒక గూఢచారి జన్యువును పెడతారు. దాన్ని రిపోర్టర్ జీన్ అంటారు. ఎక్కువగా వాడింది హెర్పిస్ వైరస్‌కు చెందిన థైమిడిన్ కైనేజ్ జన్యువు. మన థైమిడిన్ కైనేజ్ పట్టింపులున్న అధికారి, వైరస్‌ది అంత పట్టింపు లేనిది. ఎఫ్‌హెచ్‌బీజీ అనే ట్రేసర్‌ను మనది దాదాపు పట్టించుకోదు, వైరస్‌ది ముద్ర వేసేస్తుంది. అంటే ముద్ర పడి చిక్కుకునేది ఆ జన్యువు ఉన్న కణాల్లోనే. మూడోసారి కూడా అదే చెక్‌పోస్టు.

ఈ దారి వేసినవాళ్ళలో ముఖ్యుడు సంజీవ్ శాం గంభీర్. 1962లో అంబాలాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్ళి, లాస్ ఏంజెలెస్‌లోనూ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లోనూ పనిచేశాడు. 2009లో ఆయన బృందం ఒక మెదడు ట్యూమర్ రోగికి ఎక్కించిన రక్షణ కణాలను ఈ పద్ధతిలో పెట్ స్కాన్‌లో చూపించింది. మనిషి ఒంట్లో చికిత్స కణాలు ఎక్కడున్నాయో కోయకుండా కళ్ళతో చూడగలగడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. 2015లో ఆయన కొడుకు టీనేజ్‌లోనే మెదడు ట్యూమర్‌తో చనిపోయాడు. 2020లో ఆయన కూడా క్యాన్సర్‌తోనే పోయాడు. ఈ అణువుల పేర్లు చదివినప్పుడల్లా నాకు ఆ ఇల్లు గుర్తొస్తుంది.

రిపోర్టర్ జన్యువు ఆస్పత్రుల్లో మామూలు కావడానికి ఇంకా చాలా దూరం ఉంది. వైరస్ ప్రోటీన్ కాబట్టి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి ఆ కణాలనే చంపేయొచ్చు. అదే జన్యువుకు ఒక మేలు కూడా ఉంది: చికిత్స కణాలు అదుపు తప్పితే గాన్‌సైక్లోవిర్ అనే మందు ఇస్తే, ముద్ర పడిన ఆ మందే వాటిని చంపుతుంది.

చిన్నాయనకు మాత్రం ఇవేవీ కావాల్సి రాలేదు, పాత ఎఫ్‌డీజీయే సరిపోయింది. కీమో అన్ని విడతలూ అయ్యాక ఫిబ్రవరిలో మళ్ళీ స్కాన్‌కి వచ్చాడు. ఈసారి జీసీఎస్ఎఫ్ వేసి నాలుగు వారాలయింది. కనీసం రెండు వారాలు ఎడం ఉండాలని డాక్టర్ ముందే చెప్పి తేదీ జరిపించారు. లోపలికి వెళ్తూ ఆయనే టెక్నీషియన్‌తో, "నాకు తెల్లకణాల సూది వేసి నెలయిందమ్మా, రాసుకో," అన్నాడు. ఆమె రాసుకుంది.

మర్నాడు డాక్టర్ గదిలో తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టారు. తెల్లటి వెనకరంగు మీద నల్లటి మనిషి ఆకారాలు. ఆ బొమ్మల్లో వెలగడం అంటే నల్లబడటం. కార్తీకం నాటి బొమ్మలో వెన్నెముక పూసపూసా నల్లగా గీసినట్టుంది. ఇప్పటిదాంట్లో అది కనిపించీ కనిపించనట్టు బూడిద రంగులో కలిసిపోయింది. చిన్నాయన కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు బొమ్మల్లోనూ వెన్నెముకను పైనుంచి కిందిదాకా వేలితో చూపిస్తూ వచ్చాడు. తర్వాత ఫోన్ తీసి ఆ తెరను ఫొటో తీసుకున్నాడు. గ్రూపులో పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు, చిన్నమ్మకు ఒక్కదానికే పంపాడు.